ఎరుపు, ఆకుపచ్చ గళ్ల పటం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యు.డి.సి.గా రిటైరైనవాణ్ణి. సైన్సు చదివినవాణ్ణి కాను. అయినా ఈ విషయం మాట్లాడతానని కార్యదర్శి గారిని నేనే అడిగాను.

2016లో మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అంతకు రెండేళ్ల ముందు పక్కింటి వదినగారికీ అదే. ఆపరేషన్ తర్వాత ఆమెకు రోజుకొక హార్మోన్ మాత్ర ఇచ్చారు. మా ఆవిడకేమో కీమో, ఆపైన ఏడాదిపాటు ఖరీదైన ఇంజక్షన్లు అన్నారు. డబ్బు కోసమేనని అనుమానపడి ఆరు వారాలు జాప్యం చేశాను. ఆ తప్పు నాదే.

తర్వాత మనవరాలు ఒక పటం చూపించింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెరూ, బోట్‌స్టీన్ మొదలైనవారు 2000లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించినది. 42 మంది నుంచి తీసిన 65 నమూనాలు. నిలువు వరుసకొక నమూనా, అడ్డు వరుసకొక జన్యువు. అచ్చం మన పే బిల్లు రిజిస్టరే! జన్యువు ఎక్కువగా పనిచేస్తే ఎరుపు గడి, తక్కువగా చేస్తే ఆకుపచ్చ. మూలవేతనంతో డి.ఎ. కదిలినట్టు, కలిసి హెచ్చి కలిసి తగ్గే జన్యువులను పక్కపక్కన పేర్చారు. నమూనాలనూ పోలికను బట్టే పేర్చారు.

అలా పేర్చేసరికి కణితులు గుంపులుగా విడిపోయాయి. ఒక గుంపులో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జన్యువు, గాటా-3 కలిసి ఎరుపెక్కాయి. మరో గుంపులో హెర్-2, గ్రబ్-7. ఈ రెండూ 17వ క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగులు. అక్కడ నకళ్లు పెరిగితే రెండూ పెరుగుతాయి. (కలిసి కదిలిన ప్రతి జంటకూ ఇంత తేలికైన కారణం దొరకదు. డి.ఎ. పెరిగిన నెలలోనే వంకాయల ధరా పెరుగుతుంది!)

నన్ను ఆపేసిన సంగతి మరొకటుంది. 20 కణితుల నుంచి మందుకు ముందొకసారి, తర్వాత ఒకసారి నమూనా తీశారు. వాటిలో 15 జంటలు పటంలో పక్కపక్కనే వచ్చాయి. మందు పడిన తర్వాత కూడా ఆ కణితి ఇతరుల కణితిని కాక తనను తానే పోలి ఉంది.

రిపోర్టుల ప్రకారం వదినగారిది హార్మోన్ రకం, మా ఆవిడది హెర్-2 రకం. ఒకరి మందు మరొకరికి ఎలా సరిపోతుంది?

ఈ పటం ప్రతి రోగికీ తీయరు. బయాప్సీ రిపోర్టులో ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు పరీక్షలుంటాయి. సాధారణంగా వాటితోనే రకం చాలావరకు తెలుస్తుంది. హెర్-2 ఎదురుగా 3+ అంటే ఉన్నట్టు, 2+ అంటే ‘ఫిష్’ అనే మరో పరీక్ష కావాలి. ఆ కాగితం పోగొట్టుకోకండి. పక్కింటివారిని కాదు, డాక్టరు గారిని అడగండి.

మా ఆవిడ మూడో వరుసలో కూర్చుంది. ఆమె ఫైలు నా సంచిలో ఉంది. చూపించడానికి ఒప్పుకుంది. టీ విరామంలో కావలసినవారు రండి.