ఎండలో మన వాటా, వానలో మన వాటా

(బిలాస్‌పూర్‌లోని రైల్వే బస్తీ తార్‌బహార్‌లో తెలుగు సాహిత్య సభ అధ్యక్షోపన్యాసం)



సాహిత్య సభకు అధ్యక్షత వహించేవాడు ప్రబంధాల గురించో, కథానిక గురించో మాట్లాడడం ఆనవాయితీ. ఈ పూట ఎండావానల గురించి మాట్లాడడానికి మీ అనుమతి కోరుతున్నాను. ఋతువర్ణన మన కావ్యాలంత పాతది. అయితే ఆ కావ్యాల్లోని గ్రీష్మం మనిషి చేసింది కాదు. మనిషి దాన్ని అనుభవించాడు, వర్ణించాడు, అంతే. మన కాలపు గ్రీష్మంలో మనిషి చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎంతవరకు ఉందో శాస్త్రజ్ఞులు లెక్కకడుతున్నారు. ఆ లెక్క పట్టించుకోకుండా ఎండ గురించి రాస్తే సగమే రాసినట్టు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలో ప్రవేశిస్తాడు. మనం రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం. ఇక్కడి ఛత్తీస్‌గఢీవాళ్ళు ఆ కార్తెలో మొదటి తొమ్మిది రోజులను నౌతపా అంటారు. మనం చద్దన్నం తింటాం, వాళ్ళు బోరే బాసీ తింటారు. రెండూ ఎండను ఎరిగిన శ్రామికుల తిండే. కార్తె తప్పలేదు, సూర్యుడు దారి మార్చుకోలేదు. మారింది సూర్యుడికీ మనకూ మధ్య ఉన్న గాలి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండిన కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1896లోనే లెక్కవేశాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అప్పటికే బిలాస్‌పూర్ చేరింది. మన పెద్దలు వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం వైపుల నుంచి ఈ పట్టాల వెంటే ఇక్కడికి వచ్చారు. ఆ రోజుల్లో ఇంజన్లు నడిచింది బొగ్గుతోనే.

వడగాడ్పులు పూర్వం లేవా అని అడుగుతారు. ఉన్నాయి. అందుకే శాస్త్రజ్ఞులు ప్రశ్నను మార్చారు. “ఈ ఎండ మనిషి వల్ల వచ్చిందా?” అని అడగరు. “ఇలాంటి ఎండ వచ్చే అవకాశాన్ని మనిషి ఎంత పెంచాడు?” అని అడుగుతారు. కంప్యూటర్లలో రెండు భూములను నడిపి చూస్తారు. ఒకటి ఇప్పుడున్న భూమి. రెండోది ఫ్యాక్టరీ పొగ అసలు పుట్టకపోయి ఉంటే ఉండే భూమి. ఒక్కోదాన్ని వందల, వేల సార్లు నడిపి, అంతటి ఎండ ఎందులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తారు. నూరేళ్ళ వాతావరణ రికార్డులతో సరిచూస్తారు. 2003లో ఐరోపాను కాల్చిన వేసవి మీద 2004లో ఈ పద్ధతిలో తొలి పెద్ద ఫలితం వచ్చింది: మనిషి ప్రభావం ఆ ముప్పును కనీసం రెట్టింపు చేసింది.

2021లో అంతర్ ప్రభుత్వ వాతావరణ సంఘం, అంటే ఐపీసీసీ, భూగోళమంతటికీ సగటు చెప్పింది. పూర్వం పదేళ్ళకోసారి వచ్చిపోయే చుట్టం లాంటి తీవ్రమైన ఎండ ఇప్పుడు మూడున్నరేళ్ళకే తలుపు తడుతోంది. వచ్చినప్పుడు మునుపటికన్నా 1.2 డిగ్రీలు ఎక్కువ మోసుకొస్తోంది. యాభై ఏళ్ళకోసారి వచ్చేది సుమారు పదేళ్ళకే వస్తోంది.

మన ఇంటి లెక్కకు వద్దాం. 2015 మే నెల ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎవరూ మరచిపోలేదు. రెండు రాష్ట్రాల్లోనూ కలిపి రెండు వేల మంది దరిదాపుల వడదెబ్బకు పోయారు. ఎక్కువమంది ఆరుబయట పనిచేసే కూలీలు, వయసు మీరినవాళ్ళు. ఆ వేసవిని హైదరాబాదు, కరాచీ నగరాల లెక్కలతో పరిశీలించిన అధ్యయనం మరుసటి ఏడాది వెలువడింది. వేడీ తేమా కలిసి ఒంటి మీద పడే భారాన్ని చూస్తే, అంతటి ఉక్క వచ్చే అవకాశం మనిషి వల్ల గణనీయంగా పెరిగిందని అది తేల్చింది. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంటిలోని వేడి బయటికి పోదు. తీరాంధ్ర నుంచి వచ్చిన మనకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ప్రతి విపత్తునూ ఈ ఖాతాలో వేయడానికి వీల్లేదు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. దాన్ని పరిశీలించినవారికి మనిషి వల్ల పెరిగిన జాడ స్పష్టంగా దొరకలేదు. మన గాలిలోని పొగ, ధూళి ఎండకు తెర కడుతున్నాయి, సాగునీటి తడి నేలను చల్లబరుస్తోంది. ఈ రెండూ వేడిని కొంత కప్పిపెడుతున్నాయని వారు వివరించారు. రేపు గాలిని శుభ్రం చేసుకుంటే ఆ దాగిన వేడి బయటపడుతుంది. అలాగే 2015 డిసెంబరులో చెన్నైని ముంచిన వానలో కూడా మనిషి ప్రభావం గుర్తించదగినంతగా కనిపించలేదు. దొరకనప్పుడు దొరకలేదని చెప్పే శాస్త్రం కాబట్టే, దొరికిందన్నప్పుడు దాని మాట నమ్మాలి.

ఇక వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఆ తేమంతా ఒకేసారి దిగితే కుండపోతే. 2006లో బి.ఎన్. గోస్వామి, ఆయన సహచరులు మధ్య భారతం మీద 1951 నుంచి 2000 దాకా కురిసిన వానను రోజువారీ లెక్కల్లో వడపోశారు. వారు మధ్య భారతమన్న దీర్ఘచతురస్రం 16.5 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 74.5 నుంచి 86.5 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. పటం తీసి చూడండి. బిలాస్‌పూర్ అందులోనే ఉంది. హైదరాబాదు, విశాఖపట్నం, శ్రీకాకుళం కూడా అందులోనే ఉన్నాయి. మనం విడిచివచ్చిన ఊరూ, మనం చేరిన ఊరూ ఒకే లెక్కలో పడ్డాయి. వారికి తేలింది ఇది: వానాకాలపు మొత్తంలో పెద్ద మార్పు లేదు, పైరుకు పనికొచ్చే మోస్తరు వానలు తగ్గాయి, రోజుకు పది సెంటీమీటర్లు దాటే వానలు పెరిగాయి. కేంద్ర ప్రభుత్వపు భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఈ ప్రాంతంలో రోజుకు 15 సెంటీమీటర్లు మించే వానలు 1950–2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయి. రైతుకు ఇంతకన్నా కష్టకాలం ఏముంటుంది? వాన లేదనీ అనలేడు, ఉందనీ అనలేడు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. హైదరాబాదుకు ఏడాది పొడుగునా కురిసే సగటు వానలో ముప్పావు వంతుకు అది పైమాటే. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరద చిన్న వంతెనను ఊడ్చేసింది. దాని మీదికి వచ్చిన డెల్టా ప్యాసింజర్‌లో వందమందికి పైగా మరణించారు. అక్కడ ఆకాశంతోపాటు ఎగువన తెగిన చెరువుకట్టకూ భాగం ఉంది. అందుకే మన వాటాను రెండు పద్దులుగా రాసుకోవాలి. ఒకటి లోకమంతా కలిసి గాలిలోకి వదిలిన పొగ. రెండోది చెరువు కట్టలను వదిలేయడం, వాగులను ఆక్రమించడం, చెట్లు కొట్టి సిమెంటు పరచడం. మొదటి పద్దు ఢిల్లీలో, జెనీవాలో మాట్లాడేది. రెండోది ఊళ్ళోనే సరిదిద్దుకోగలిగింది.

తార్‌బహార్‌లో నిలబడి బొగ్గు మాట ఎత్తకుండా పోలేను. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. గెవ్రా గనీ, కోర్బా, సీపత్ విద్యుత్ కేంద్రాలూ మన ఇరుగుపొరుగే. ఒక బొగ్గు గూడ్సు రైలులో దాదాపు నాలుగు వేల టన్నులు వెళుతుంది. అది కాలితే సుమారు ఆరు వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. అందులో సగానికి దగ్గరగా గాలిలోనే ఉండిపోతుంది.

2022 వేసవిలో ఈ గొలుసంతా మన కళ్ళముందే తిరిగింది. ఆ మార్చి, ఏప్రిల్ ఎండలు మనిషి ప్రభావం వల్ల ముప్పై రెట్లు ఎక్కువ అవకాశంతో వచ్చాయని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం లెక్కగట్టింది. ఎండకు ఫ్యాన్లు, ఏసీలు ఎక్కువ తిరిగాయి. ఏప్రిల్ 29న దేశంలో విద్యుత్ గిరాకీ 207 గిగావాట్లు దాటింది. కరెంటుకు బొగ్గు కావాలి, బొగ్గుకు దారి కావాలి. దారి ఇవ్వడానికి దేశంలో ఆరువందలకు పైగా ప్యాసింజర్ ట్రిప్పులు రద్దయ్యాయి. వాటిలో మన ఆగ్నేయ మధ్య రైల్వే బండ్లు ఎన్నో ఉన్నాయి. ఎండ బొగ్గును పిలిచింది, ఆ బొగ్గు రేపటి ఎండను పిలుస్తుంది. పెళ్ళికి ఊరెళ్ళాల్సినవాళ్ళు మధ్యలో స్టేషన్‌లో మిగిలారు.

అయినా ఈ రైల్వే బస్తీని ముద్దాయిని చేయడం అన్యాయం. భారతీయుడి తలసరి ఉద్గారం ఏడాదికి రెండు టన్నుల పైచిలుకు. అమెరికా పౌరుడిది దానికి ఆరేడు రెట్లు. మిట్టమధ్యాహ్నం పట్టా వంకర పోయిందేమోనని హాట్ వెదర్ పెట్రోలింగ్‌కు నడిచే గ్యాంగ్‌మన్, వానరాత్రి లాంతరుతో వంతెన కాసే వాచ్‌మన్ లోకానికి పెట్టిన పొగ ఎంత? మోస్తున్న ఎండ ఎంత? పొగ పద్దు ఒకరిది, ఎండ పద్దు ఇంకొకరిది. ఈ తేడాను అంకెల్లో శాస్త్రజ్ఞుడు చూపిస్తాడు. ముఖాలతో చూపించాల్సింది రచయిత.

కాబట్టి ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను. మొదటిది: ఇక్కడి తెలుగు రైల్వే కుటుంబాల్లో కీమన్లు, గ్యాంగ్‌మన్లు, డ్రైవర్లు, వాళ్ళ ఇల్లాళ్ళు చెప్పే ఎండావానల జ్ఞాపకాలను, ఏ ఏడు, ఏ నెల అన్న వివరంతో సహా సేకరించాలి. ఫలానా ఏడు పెట్రోలింగ్ ఎన్ని గంటలకు మొదలైంది, ఏ వానకు ఏ కల్వర్టు మునిగింది అన్న సంగతులు ఏ వాతావరణ కేంద్రం రికార్డులోనూ ఉండవు. రెండోది: వడదెబ్బ జాగ్రత్తలను మన యాసలోనూ ఛత్తీస్‌గఢీలోనూ, చదవలేనివాళ్ళకు పాటగానూ రాయాలి. 2010 ఎండల్లో జనం చనిపోయాక అహ్మదాబాద్ నగరం 2013లో వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. హెచ్చరిక సకాలంలో, అర్థమయ్యే మాటల్లో అందడం అందులో కీలకం. మూడోది: మన కథల్లో, కవితల్లో ఎండను విధి ఖాతాలోనో, దేవుడి ఖాతాలోనో వేసి వదిలేయకుండా, ఎవరి వాటా ఎంతో అడిగే పాత్రలను సృష్టించాలి. అవి ఉపన్యాసాలివ్వనక్కర్లేదు. వడదెబ్బకు పోయిన కూలీ భార్య మేస్త్రీని “మధ్యాహ్నం పని ఎందుకు ఆపలేదు?” అని నిలదీస్తే చాలు.

ఈ మూడింటిలో మొదటి పనిని సాయంత్రం తీర్మానంగా ప్రవేశపెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. మార్పులుంటే చర్చలో చెప్పండి. ఇక పత్ర సమర్పణ మొదలుపెడదాం.