వారంటీ లేదు పొమ్మంటే ఏం చేయాలి?

మన సభ్యురాలొకరు కూతురి డిగ్రీ చదువు కోసం సంఘంలో అప్పు తీసుకుని లాప్‌టాప్ కొన్నారు. నాలుగో నెలకే తెర నల్లబడింది. సర్వీస్ సెంటర్ వాళ్లు "నీళ్లు పడ్డాయి, వారంటీ వర్తించదు" అన్నారు. లాప్‌టాప్ మూలన పడింది గానీ కిస్తీ ఆగుతుందా?

మేం నలుగురం ఆమెతో వెళ్లాం. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాం. నోటితో అన్నంత ధీమాగా రాయలేకపోయారు! వాళ్లిచ్చిన జాబ్ షీటులో నీళ్ల ఊసే లేదు.

1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పాం. షాపుకూ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. బిల్లు, జాబ్ షీటు నకళ్లు జతచేసి, 15 రోజుల్లో డబ్బు వాపసు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని రాశాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. రెండేళ్లు దాటనివ్వకూడదు, అంతే.

గడువు లోపే డబ్బు ఆమె ఖాతాలో పడింది. మిక్సీయో, కుట్టుమిషనో, మీకూ ఇలాంటి తగాదా ఉంటే బిల్లు పట్టుకుని వచ్చే నెల సమావేశానికి రండి.