భూకంప వేళ వ్రాయవలసిన మాటలు

పంచాయతీ సభ్యులారా!

భూమి కంపించిన పిమ్మట మన నివేదికలో "భూకంపము వచ్చినది" అని మాత్రము వ్రాసిన చాలదు. పరిమాణము వేరు, తీవ్రత వేరు. పత్రికలును అప్పుడప్పుడు ఈ రెంటిని కలిపివేయుచుండును. పరిమాణము యంత్రములు తేల్చునది. ఒక కంపమునకు ఒక్కటే. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో పుట్టినదానికి అది 5.3. తీవ్రత ఊరూరికి మారును. దానిని తెలుపునవి మన యింటి మాటలే: గిన్నెలు అదిరినవా, వ్రేలాడు దీపము ఊగినదా, గోడ బీటవారినదా, కూలినదా?

గోడ దేనితో కట్టినదో కూడ వ్రాయుదము. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున పరిమాణము ఆరుకు కొంచెమే మించినది. అయినను మట్టితో పేర్చిన రాతిగోడలు, బరువైన మట్టికప్పులు కూలి వేలమంది మరణించిరి. బీట కనబడినచో అది పైపూతలోనిదో, గోడలోనికి దిగినదో చూచి మరీ వ్రాయుదము.