గాజుతొట్టెలో సముద్రం



ఊరికే తిరిగే ఫ్యాను, వెలిగే దీపం కంటబడితే చాలు, స్విచ్చి కట్టేయడం మన ఆడవాళ్ల చేతికి అలవాటు. ఆ అలవాటే ఒకసారి నన్ను తలదించుకునేలా చేసింది.

అమెరికాలో మా చెల్లెలింటికి వెళ్లినప్పటి సంగతి. వాళ్ల హాల్లో పెద్ద ఉప్పునీటి గాజుతొట్టె ఉంది. అందులో రంగురంగుల పగడపు జీవులు, నాలుగు చేపలు. రెండు రోజులు ఊరెళుతూ దాన్ని నాకు అప్పగించారు. రాత్రి మోటార్ల రొదకు నిద్రపట్టక, చేపలు కూడా పడుకుంటాయిలే అని అన్నీ కట్టేశాను. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి అప్పటికే చచ్చిపోయింది. పగడాలు ముడుచుకుపోయాయి. గబగబా మోటార్లు వేశాను కాబట్టి మిగతావి దక్కాయి.

చెల్లెలు పల్లెత్తు మాట అనలేదు. వాళ్లబ్బాయి మాత్రం, "పెద్దమ్మా, వాటికి కదిలే నీరే ఊపిరి, వెలుతురే అన్నం" అంటూ కూర్చోబెట్టి చెప్పాడు.

పగడం రాయీ కాదు, మొక్కా కాదు, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. వెలుతురులో ఆ నాచు తయారుచేసే ఆహారమే పగడానికి ముఖ్యాధారం. ఉన్నచోటు కదలలేదు కనుక ప్రాణవాయువును తెచ్చేదీ, మలినాన్ని తీసుకుపోయేదీ నీటి కదలికే.

రెండు వందల లీటర్ల తొట్టెలో మెత్తని పగడాలుంటే, గంటకు నాలుగు వేల లీటర్ల నీటిని కదిపే మోటార్లు కావాలి. కొమ్మల్లాంటి గట్టి పగడాలకు ఇంకా ఎక్కువే కావాలి. మోటార్లు రెండుంటే ఎదురెదురు గోడలకు పెట్టాలి. ధార తిన్నగా పగడం మీద పడితే కండ చిరుగుతుంది. పగడాల వేళ్లు మెల్లగా ఊగుతూ, అడుగున మడ్డి పేరుకోకుండా ఉంటే ప్రవాహం కుదిరినట్టే.

సముద్రపు లోతుకు బాగా దిగేది నీలికాంతి. అందుకే ఆ దీపాల్లో నీలం ఎక్కువ. రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు చాలు. టైమరు పెడితే మరచిపోయే బాధ లేదు. కొత్త దీపాన్ని తక్కువ కాంతితో మొదలుపెట్టి కొన్ని వారాల్లో పెంచాలి. అన్నప్రాశన నాడే చంటిపిల్లకు విస్తరి నిండా వడ్డించం కదా! కాంతి మరీ ఎక్కువైతే పగడం తెల్లగా పాలిపోతుంది.

దీపాల వేడికి, గాలికి నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు పోదు. పులుసు మరిగితే ఉప్పన కావడం మనకు తెలియనిదా! తగ్గిన మేరకు శుద్ధిచేసిన మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు. కరెంటు తీగ ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గును చేరకుండా వంపు దగ్గరే రాలిపోతుంది. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే గాలిపంపు ఉండాలి.

ఇదంతా విని మనింట్లోనూ పెడదామనుకునేరు! మన దేశంలో 2001 నుంచి గట్టి పగడపు జీవులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. కాని విదేశాల్లో ఉన్న పిల్లల ఇళ్లకు మీలో చాలామంది వెళుతుంటారు. అక్కడ ఇలాంటి తొట్టె కనబడితే, పొదుపు పేరుతో స్విచ్చి మీద చెయ్యి వేయకండి. ముందు ఇంట్లోవాళ్లను అడగండి. నేను అడగకపోబట్టే ఒక చేప ప్రాణం పోయింది.