సాఫ్ట్‌వేర్ నిర్మాణం: పునాది, పరీక్ష, పరిణామం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా బొమ్మనహళ్ళిలో జరిగిన సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన ఈ విద్యాలయ ప్రాంగణంలో నిలిచి మాట్లాడే అవకాశం లభించడం నా అదృష్టంగా భావిస్తున్నాను. ఈ సభకు రమ్మని నన్ను పిలిచినప్పుడు, నాకు లెక్కలు నేర్పిన మాస్టారు ఒక ఆజ్ఞ వేశారు. “తెల్లవారితే హోసూరు రోడ్డు మీద వేలమంది సాఫ్ట్‌వేర్ పనికి పోతున్నారు. ఆ పని ఏమిటో ఇక్కడి తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు. నువ్వు చేసే పనిని మన భాషలో వివరించు. అర్థం కాకపోతే లోపం నీదే అనుకుంటాను” అన్నారు. వారు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు కనుక నాకు కొంత భయంగానే ఉన్నది.

నేను చేసే పనిని సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అంటారు. కంప్యూటరు ప్రోగ్రాముల నిర్మాణ స్వరూపాన్ని రూపొందించడం, అది తగినదో కాదో పరీక్షించడం, కాలానుగుణంగా దానిని మార్చుకుంటూ పోవడం, ఈ మూడూ ఇందులో ఉన్నాయి.

ఇల్లు కట్టుకున్న వారందరికీ ఇందులోని మర్మం తెలిసినదే. గోడ రంగు నచ్చకపోతే వచ్చే పండుగకు మార్చుకోవచ్చు. కిటికీ తలుపు మార్చడానికి వడ్రంగి వస్తే చాలు. కాని స్తంభం తప్పు చోట పడితే దానిని జరపడానికి ఇల్లే కూల్చవలసి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. తరువాత సులభంగా మార్చుకోగల నిర్ణయాలు కొన్ని, మార్చాలంటే ప్రాణం మీదికి వచ్చేవి కొన్ని. ఆ రెండవ రకం నిర్ణయాల సముదాయమే ఆర్కిటెక్చర్. ఏది స్తంభం, ఏది రంగు అని ముందుగా గుర్తించగలగడమే ఈ విద్యకు సారం.

మనమంతా అనుభవించిన ఒక ఉదాహరణ చెబుతాను. పండుగకు సొంత ఊరికి పోవడానికి రైలు టిక్కెట్టు తీసుకోని తెలుగువాడు బెంగళూరులో ఉండడు. పూర్వం ఒక్కొక్క రైలుకు ఒక్కొక్క పుస్తకం ఉండేది. గుమాస్తా ఆ పుస్తకంలో మన పేరు వ్రాసి బెర్తు కేటాయించేవారు. 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా కంప్యూటరు రిజర్వేషన్ మొదలైంది. ఆనాటి ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. దాని కోసం ఇంప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసింది. తరువాత కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాదులలోనూ కంప్యూటరు కేంద్రాలు ఏర్పడ్డాయి. కాని అవి దేనికది ద్వీపంలా ఉండేవి. ఇక్కడి కౌంటరులో కూర్చుని ఎక్కడి నుండి ఎక్కడికైనా టిక్కెట్టు తీసుకోవడం సాధ్యమయ్యేది కాదు.

ఈ ద్వీపాల నడుమ వంతెన వేసే బాధ్యతను 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్ సంస్థ, స్వీకరించింది. వారు తయారు చేసిన కన్సర్ట్ అనే వ్యవస్థ మొదట అమలులోకి వచ్చిన చోటు మన సికింద్రాబాదే. అది 1994వ సంవత్సరం. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

ఇక్కడ నిర్మాణకర్తల ముందు నిలిచిన ప్రశ్నను గమనించండి. దేశంలోని బెర్తుల లెక్క అంతా ఒకే చోట పెట్టాలా, అయిదు చోట్లా పంచాలా? ఒకే చోట పెడితే లెక్క చూసుకోవడం సులభం. కాని ఆ ఒక్కచోటికి పోయే టెలిఫోను తీగ తెగితే దేశమంతటా కౌంటర్లు ఆగిపోతాయి. అదే లెక్కకు అయిదు నకళ్ళు తీసి అయిదు చోట్లా ఉంచితే పని వేగంగా జరుగుతుంది. కాని ఒకే క్షణంలో ఒకే బెర్తును ఇద్దరికి అమ్మే ప్రమాదం ఉన్నది. అందుచేత వారు మధ్యేమార్గం ఎన్నుకున్నారు. ఒక్కొక్క రైలు లెక్క ఒక్కొక్క కేంద్రంలోనే ఉంటుంది. ఏ ఊరి కౌంటరులో అడిగినా ఆ అభ్యర్థన ఆ రైలు లెక్క ఉన్న కేంద్రానికే పోయి, అక్కడే తీర్పు పొంది తిరిగి వస్తుంది. ఒక బెర్తుకు ఒక్కడే యజమాని, ఆ యజమానిని గుర్తించేది ఒక్క చోటే. ఇది స్తంభం.

ఆ స్తంభం గట్టిగా నిలిచినందువల్లనే తరువాత ఎన్ని మార్పులు సాధ్యమయ్యాయో చూడండి. 2002లో ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్లు అమ్మడం మొదలైంది. కౌంటరు దగ్గర వరుసలో నిలబడే మనిషి బదులు ఇంట్లో కూర్చున్న మనిషి వచ్చాడు. తత్కాల్ గంట కొట్టగానే లక్షలమంది ఒక్కసారి తలుపు తట్టడంతో ఆ తలుపు ఇరుకైపోయింది. అందుకని 2014లో ఇంటర్నెట్ టిక్కెట్ల వ్యవస్థను కొత్తగా కట్టి, నిమిషానికి 2,000 టిక్కెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచారు. ఇక మొత్తం రిజర్వేషన్ వ్యవస్థ నిమిషానికి 32,000 టిక్కెట్లు ఇవ్వగలుగుతుండగా, దానిని లక్షన్నరకు పెంచే కొత్త నిర్మాణం చేపట్టినట్లు 2025లో రైల్వే శాఖ ప్రకటించింది. తలుపులు మారాయి, గదులు మారాయి, యంత్రాలు మారాయి. ఒక బెర్తును ఇద్దరికి అమ్మరాదన్న నియమం మాత్రం మారలేదు.

ఇక రెండవ అంశం పరీక్ష. కట్టిన తరువాత పగుళ్ళు చూసి విచారించడం అందరూ చేసేదే. కట్టకముందే కాగితం మీద ఉన్న నిర్మాణాన్ని ప్రశ్నించడం ఎలా? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సంస్థ 1990లలో ఇందుకొక పద్ధతిని రూపొందించింది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డిగారు ఆచార్యులుగా ఉన్నది ఆ విశ్వవిద్యాలయంలోనే అని చెప్పుకోవడం మనకు గర్వకారణం.

ఆ పద్ధతి సారాంశం ఇది. నిర్మించేవారు, వాడేవారు, డబ్బు పెట్టేవారు, రేపు మరమ్మతు చేయవలసినవారు, అందరూ ఒక చోట కూర్చోవాలి. “వేగంగా ఉండాలి, భద్రంగా ఉండాలి” వంటి మాటలు చాలవు. “సంక్రాంతి ముందు రోజు పదింతల జనం వస్తే ఏమవుతుంది? సగం డబ్బు కట్టాక కరెంటు పోతే ఏమవుతుంది? ప్రభుత్వం రేపు నియమం మారిస్తే ఎన్నిచోట్ల దిద్దాలి?” అని సంఘటన రూపంలో అడగాలి. ఒక్కొక్క ప్రశ్నకు నిర్మాణంలోని ఏ భాగం జవాబు చెబుతుందో చూపించాలి. వేగం పెంచితే భద్రత ఎక్కడ తగ్గిందో, భద్రత పెంచితే ఖర్చు ఎంత పెరిగిందో బాహాటంగా ఒప్పుకోవాలి. అన్నీ ఇచ్చే నిర్మాణం లేదు. దేనికోసం దేనిని వదులుకున్నామో తెలిసి కట్టిన నిర్మాణమే మంచి నిర్మాణం.

ఈ ప్రశ్నలు అడగకపోతే ఏమవుతుందో నా స్వానుభవం నుండి చెబుతాను. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం, ఈ ప్రాంతంలోని ఒక బట్టల ఫ్యాక్టరీకి జీతాల లెక్క చూసే ప్రోగ్రామ్ వ్రాశాను. ప్రతి కార్మికురాలికి ఒకే వేతన రేటు ఉంటుందని, అది నెల మొదటి తేదీననే మారుతుందని నాకు నేనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆ ఊహను జీతం, ఓవర్‌టైమ్, సెలవులు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. అన్ని లెక్కలలోనూ కలిపి కుట్టేశాను. ప్రోగ్రామ్ చక్కగా నడిచింది. యజమాని మెచ్చుకున్నారు. రెండేళ్ళ తరువాత వేతనాల రేటు వెనుకటి తేదీ నుండి మారింది. దిద్దవలసిన చోట్లు నలభైకి పైగా తేలాయి. ఒకచోట సరిచేస్తే మరొకచోట తప్పింది. ఆ నెల జీతాలు ఆరు రోజులు ఆలస్యమయ్యాయి.

ఆ ఫ్యాక్టరీలో పనిచేసే అక్క ఒకామె మా వీధిలోనే ఉండేది. ఆమె బిడ్డ ఈ బడిలోనే చదువుతుండేది. ఒక సాయంత్రం ఆమె నన్ను ఆపి అడిగింది. “ఏం తమ్ముడూ, చేత్తో రాసేటప్పుడు ఏడో తారీఖుకు జీతం వచ్చేది. కంప్యూటరు వచ్చినాక పదమూడు అయింది. బాడిగ అడిగేవాళ్ళకు నేనేం చెప్పేది?” ఆమె కోపంగా అడగలేదు. అందువల్ల నాకు మరింత సిగ్గు కలిగింది. ఆర్కిటెక్చర్ అనేది కాగితం మీది పెట్టెలు, గీతలు అనుకునేవాణ్ణి. ఆ గీతల చివర ఒక ఇంటి బాడిగ ఉన్నదని ఆనాడు తెలిసింది.

తరువాత పుస్తకాలు తిరగవేస్తే, నేను చేసిన తప్పు 1972లోనే డేవిడ్ పార్నస్ అనే శాస్త్రజ్ఞుడు హెచ్చరించినదే. ప్రోగ్రామును భాగాలుగా విడదీసేటప్పుడు, పని జరిగే వరుసను బట్టి విడదీయవద్దని, రేపు మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక్కొక్క గోడ వెనుక దాచమని ఆయన సూచించారు. వేతన రేటు అనే నిర్ణయాన్ని ఒక్క గోడ వెనుక ఉంచి ఉంటే, నేను దిద్దవలసిన చోటు నలభై బదులు ఒకటే అయ్యేది. మళ్ళీ అలాగే కట్టాను. ఈసారి కట్టేముందు లెక్కలు వ్రాసే గుమాస్తాను, కుట్టుమిషను మీద కూర్చునే ఆ అక్కను కూడా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాను. “మధ్యలో పని మానేసి, మళ్ళీ చేరితే ఎట్లా?” అని ఆమె అడిగిన ప్రశ్న నాకు గాని, నాతోటి ఇంజనీర్లకు గాని తట్టలేదు.

మూడవది పరిణామం. మెయిర్ లేమన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లలో ఒక సూత్రం చెప్పారు. మనుషుల వాడుకలో ఉన్న ప్రోగ్రామ్ నిరంతరం మారుతూ ఉండాలి, మారకపోతే క్రమేణా పనికిరాకుండా పోతుంది. మారుతున్న కొద్దీ, పనిగట్టుకుని శుభ్రం చేయకపోతే, చిక్కుముడులు పెరుగుతాయి. 2000వ సంవత్సరం వస్తున్నప్పుడు ప్రపంచమంతా పడిన ఆందోళన గుర్తుందా? కంప్యూటరులో చోటు ఖరీదైన రోజులలో సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాశారు. ఆనాటికి అది తెలివైన పొదుపు. పరిస్థితి మారాక అదే బరువైంది. దానిని దిద్దే పనిలో మన తెలుగు యువకులు ఎందరో పాలుపంచుకున్నారు. పాత నిర్ణయాన్ని నిందించడం సులభం. అది ఆనాడు ఎందుకు తీసుకున్నారో తెలుసుకుని, ఈనాడు గౌరవంగా మార్చడం కష్టం.

పైగా ఈ మార్పు పని ఆపకుండా జరగాలి. మన బొమ్మనహళ్ళి ఎదుటనే చూశాం. హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్స్ సిటీకి పోయే ఎత్తు రహదారి 2010లో వచ్చింది. పసుపు మార్గం మెట్రో 2025 ఆగస్టులో వచ్చింది. ఆ సంవత్సరాలన్నిటా దుమ్ము తిన్నాం, ట్రాఫిక్‌లో నిలిచాం. కాని “రోడ్డు కడుతున్నాం, మూడేళ్ళు ఎవరూ రావద్దు” అని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. నడిచే దారిని నడుస్తుండగానే మార్చాలి.

మిత్రులారా, ఇంతసేపూ నేను మన బడిని గురించి కూడా మాట్లాడుతున్నానని మాస్టారు గ్రహించే ఉంటారు. ఈ బడి కూడా డెబ్బయి అయిదేళ్ళుగా నడుస్తూ మారుతున్న నిర్మాణమే. ఊరు 2007లో మహానగర పాలికెలో కలిసింది. పొలాల స్థానంలో ఫ్యాక్టరీలు, ఫ్యాక్టరీల పక్కన కంప్యూటరు కార్యాలయాలు వచ్చాయి. పిల్లల సంఖ్య తగ్గుతున్నదని, ఇంగ్లీషు మాధ్యమం కావాలని తల్లిదండ్రులు అడుగుతున్నారని కార్యవర్గం వారు నాతో అన్నారు. తల్లిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. దానిని తోసిపుచ్చే హక్కు నాకు లేదు. ఒక నిర్మాణకర్తగా మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను. ఇందులో స్తంభమేది, రంగు ఏది?

ఇంగ్లీషు బాగా నేర్పండి. కన్నడం మరింత బాగా నేర్పండి, అది మనకు అన్నం పెడుతున్న నేల భాష. కంప్యూటరు గదిని పెంచండి. ఇవన్నీ కొత్త గదులు, కట్టవలసినవే. కాని అర్థం కానప్పుడు లేచి నిలబడి “ఎందుకు సార్?” అని జంకు లేకుండా అడిగే ధైర్యం నాకు ఈ బడిలో నా భాషలో వచ్చింది. నా వృత్తిలో నేను బ్రతికేది ఆ ఒక్క ప్రశ్న మీదనే. అది స్తంభమని నా నమ్మకం. దానిని కదిలించే ముందు పిల్లలను, తల్లులను, ఉపాధ్యాయులను ఒకచోట కూర్చోబెట్టి, సంఘటన వెంట సంఘటన చెప్పుకుని పరీక్షించండి. తీర్పు మీదే.

చివరిగా ఒక చిన్న విన్నపం. మా వృత్తిలో ఒక మంచి అలవాటు ఉన్నది. పెద్ద నిర్ణయం తీసుకున్నప్పుడు ఏమి చేశామన్నదే కాక, ఎందుకు చేశాము, ఏ దారులు వదులుకున్నాము అన్నది కూడా ఒక పేజీలో వ్రాసి ఉంచుతాము. నేను జీతాల ప్రోగ్రామ్ వ్రాసినప్పుడు ఆ పేజీ వ్రాసి ఉంటే, వ్రాస్తున్నప్పుడే నా ఊహ నాకు దొరికిపోయేది. మన బడి కార్యాలయంలోనూ అటువంటి పుస్తకం ఒకటి ఈ సంవత్సరం నుండి ప్రారంభించాలని కోరుతున్నాను. మొదటి పుస్తకం నేనే తెచ్చి ఇచ్చాను, మాస్టారి చేతిలో ఉన్నది. శతజయంతి నాడు ఇక్కడ నిలిచి మాట్లాడే విద్యార్థికి, మనం ఏమి కట్టామో కళ్ళకు కనిపిస్తుంది. ఎందుకు కట్టామో ఆ పుస్తకం చెప్పాలి.