నలుగురితోపాటు నారాయణా?



ఈ పూట మీకొక నవల గురించి చెబుదామనుకుంటున్నాను. ఇందులో ముఖ్యమైన పాత్రలన్నీ పందులు, గుర్రాలు, కోళ్ళు, గొర్రెలే. పిల్లలకు చెప్పే కథలా మొదలవుతుంది, నవ్వు కూడా వస్తుంది. సగం దాటేసరికి మాత్రం ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. జార్జి ఆర్వెల్ రాసిన 'యానిమల్ ఫాం' అది. తెలుగులో జనమంచి రామకృష్ణగారు 'పశువుల దివాణం' అని అనువదించారు.

ఆర్వెల్ పుట్టింది మన దేశంలోనే, 1903లో, బీహారులోని మోతీహారిలో. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తరవాత ఇంగ్లండులో ఒకనాడు, పదేళ్ళ కుర్రాడు పెద్ద బండిగుర్రాన్ని కొరడాతో కొడుతూ తోలుకుపోవడం చూశాడట. తన బలమెంతో ఆ గుర్రానికి తెలిస్తే ఏమయ్యేది అనిపించింది. అందులోంచి ఈ కథ పుట్టింది. రాసినంతమేరా రోజూ భార్య ఐలీన్‌కు చదివి వినిపించేవాడు. పుస్తకం 1945 ఆగస్టులో వచ్చింది. అది చూడకుండానే ఆవిడ ఆ మార్చిలో కన్నుమూసింది.

కథ ఇదీ. పశువులన్నీ కలిసి యజమానిని తరిమేస్తాయి. అందరం సమానమంటూ కొట్టం గోడమీద ఏడు నియమాలు రాసుకుంటాయి. మరి చెడడం ఎక్కడ మొదలైందంటారా? పాల దగ్గర! మొదటిరోజే అయిదు బాల్చీల పాలు పితికి, అక్కడే వదిలి పొలానికి వెళతాయి. సాయంత్రం వచ్చి చూస్తే పాలు లేవు. కొన్నాళ్ళకు తెలుస్తుంది, పందులు తమ కుడితిలో కలుపుకుంటున్నాయని. చెట్టుకింద రాలిన ఆపిలు పళ్ళూ వాటికే. బుద్ధితో పనిచేసేవాళ్ళకు బలం కావద్దా అని ఓ మాటకారి పంది సర్దిచెబుతుంది. మిగిలినవన్నీ సరేనంటాయి. కథ మలుపు తిరిగేది ఇక్కడేనని ఆర్వెల్ తానే ఒక ఉత్తరంలో రాశాడు. మనింట్లో పాలు మాయమైతే రెండో రోజుకే నిలదీయమూ? అక్కడ ఎవరూ నిలదీయలేదు.

ఇక తీర్పులు వినండి. గాలివానకు గాలిమర కూలిపోతుంది. గోడలు పలచగా కట్టడం దాని అసలు లోపం. కాని పెత్తనం చేసే నెపోలియన్ అనే పంది, తాను ఊరినుంచి వెళ్ళగొట్టిన స్నోబాల్ అనే పందే దీన్ని కూల్చిందని తేల్చి, అప్పటికప్పుడు మరణశిక్ష వేస్తుంది. తరవాత గుడ్లు ఇవ్వమన్న కోళ్ళకు తిండి ఆపేస్తారు. అయిదు రోజుల్లో తొమ్మిది కోళ్ళు చస్తాయి. జబ్బుతో పోయాయని చాటింపు! ఆపైన పెద్ద విచారణ జరుగుతుంది. స్నోబాల్ కలలో కనిపించి ఎదురుతిరగమన్నాడని కోళ్ళు ఒప్పుకుంటాయి. కిందటేడు ఆరు కంకులు దాచుకున్నానని ఒక బాతు ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నదాన్నల్లా కుక్కలు అక్కడికక్కడే చంపేస్తాయి.

అందులో క్లోవర్ అనే ఆడగుర్రం ఉంది. పిల్లల్ని కన్న తల్లి, అందరినీ కడుపులో పెట్టుకునే మనిషిలాంటిది. చంపకూడదని గోడమీద రాసినట్టు దానికి బాగా గుర్తు. చదవడం రాదు గనక మేకచేత చదివించుకుంటుంది. చూస్తే, కారణం లేకుండా చంపకూడదని ఉంది! రాత్రికి రాత్రి మాటలు చేరాయి. క్లోవర్ ఏం చేసింది? నేనే మరిచిపోయి ఉంటాననుకుని ఊరుకుంది. నా మటుకు నాకు, ఆ చావులకంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది.

దివాణమంటే మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పెద్దవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. నిజాం ఏలుబడిలో ఎన్నో పల్లెల్లో దొరగారి గడీయే కచేరీ, దొర నోటిమాటే తీర్పు. కుండలు చేసేవాళ్ళూ బట్టలుతికేవాళ్ళూ కూలి లేకుండా వెట్టి చేయాల్సిందే. ఈ ప్రాంతమంతా 2016 దాకా నిజామాబాదు జిల్లాలోదే. ఆ జిల్లా పల్లెలో దొరతనం ఎలా సాగిందో వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1955లో 'ప్రజల మనిషి' నవలలో రాశారు. దొర ఒక్కడే, ఊరు వందలమంది. కాదంటే ఏమవుతుందో తెలిసి తలవంచినవాళ్ళను నేను తప్పుపట్టను.

ఇప్పుడు గడీల ఏలుబడి లేదు. దోమకొండ గడీని జనం వేడుకగా చూసివస్తున్నారు. మరి మన ఇళ్ళలో తీర్పులో? కోడలు అడుగుపెట్టిన నెలలో మామగారికి జబ్బు చేస్తే, ఆ పిల్ల పాదం మంచిది కాదంటాం. గాలివానకు కూలిన గాలిమర స్నోబాల్ మీద పడ్డట్టే కదా ఇదీ! పేరంటంలో అందరికీ బొట్టు పెట్టి, భర్త పోయినావిడ దగ్గరికొచ్చేసరికి కుంకుమభరిణె పక్కకు తిప్పేస్తాం. ఎందుకమ్మా అంటే, నలుగురితోపాటు నారాయణా అంటాం. ఆ నలుగురిలో ఒకరం మనమే. మనం బొట్టు పెట్టినందుకు కుక్కలేవీ మీదపడవు. మహా అయితే ఇద్దరు ముఖం ముడుచుకుంటారు, వారంపాటు చెవులు కొరుక్కుంటారు. ఆ మాత్రం ఓర్చుకోలేమా?

అత్తగారినో ఆడబిడ్డనో ఎదిరించి పోట్లాడమని చెప్పడం లేదు. ఎవరిమీదైనా నింద పడ్డప్పుడు, చూసినవారెవరని మెల్లగా ఒక్కమాట అడగండి. మీ కళ్ళతో చూసింది మీకు గుర్తుంటే, పదిమందీ కాదన్నంత మాత్రాన క్లోవర్‌లా అనుమానపడకండి. ఆడపిల్లలకు చదువు చెప్పించండి, గోడమీది రాత ఇంకొకరు చదివిపెట్టాల్సిన అవసరం రాకుండా. సంక్రాంతికో శ్రావణ శుక్రవారానికో మీ ఇంట పేరంటం జరిగితే, మూలన కూర్చున్న ఆవిడకు ముందు బొట్టు పెట్టి, తాంబూలం ఇవ్వండి. పక్కనున్నావిడ మొదట నివ్వెరపోవచ్చు. మళ్ళీ పేరంటానికి ఆవిడే భరిణె అందుకోవచ్చు.