వీలునామాలో ఆ ఒక్క పేరు



ఇంత సందడిగా ఉన్న సభలో చావు మాట ఎత్తడం అశుభమని కొందరికి అనిపించవచ్చు. మన వెనక మిగిలినవాళ్లను దిక్కుతోచని స్థితిలో వదిలి వెళ్లడం అంతకన్నా అశుభమని నేను నమ్ముతాను. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో వీలునామా రాసినవారు కూడా ఎగ్జిక్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మొహమాటం కొద్దీ ఎవరో ఒకరి పేరు రాసేస్తున్నారు. ఈరోజు ఆ ఒక్క పేరు గురించే చెబుతాను.

మనం పోయాక అప్పులు తీర్చి, పన్నులు కట్టి, ఆస్తులన్నీ ఒకచోటికి చేర్చి వారసులకు అప్పగించేది ఎగ్జిక్యూటరే. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, తీసుకున్న ఎగ్జిక్యూటర్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలి. పెద్దరికానికి ఇచ్చే తాంబూలం కాదిది, ఒళ్లు వంచి చేయాల్సిన చాకిరీ.

ఆ మధ్య భర్తను పోగొట్టుకున్న ఒక చెల్లెలు కాగితాల సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కూకట్‌పల్లిలో ఫ్లాటు, తెనాలి దగ్గర పొలం, ఒక ఎన్నార్వో ఖాతా. బ్యాంకు ఓటీపీ వెళ్లే ఇండియా నంబరు రీఛార్జి లేక ఆగిపోయింది. "మా బావగారికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చారన్నయ్యా, ఆయన చూసుకుంటారు" అంది. జీపీఏ ఇచ్చిన మనిషితోపాటే అదీ పోతుంది. భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే. వీలునామాలో ఎగ్జిక్యూటరుగా ఉన్నది వేరే రాష్ట్రంలో ఉంటున్న భర్త స్నేహితుడు. తన పేరు అందులో ఉందని ఆయనకు ఎవరూ చెప్పనే లేదు.

అందుకే మొదట చూడాల్సింది, మీరు అనుకున్న మనిషిని మీ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుందా అన్నది. ఫ్లోరిడాలో ఉంటూ న్యూజెర్సీ స్నేహితుడి పేరు రాస్తే చెల్లదు. బయటి రాష్ట్రంవారైతే చట్టం చెప్పిన బంధుత్వం ఉండాలి. న్యూయార్క్‌లో ఉన్నవారు హైదరాబాదులో ఉంటున్న భారత పౌరుడైన తమ్ముణ్ని ఒక్కణ్నే పెట్టలేరు. న్యూయార్క్ నివాసి ఒకరు తోడుండాలి. టెక్సస్‌లో బయటివారు స్థానిక ఏజెంటును చూపించాలి.

రెండు దేశాల్లో ఆస్తి ఉన్నవారికి నా సలహా: రెండు వీలునామాలు, ఇద్దరు ఎగ్జిక్యూటర్లు. ఇక్కడి ఇల్లు, ఖాతాలు ఇక్కడివారికి. అక్కడి పొలం, ఫ్లాటు అక్కడ ఉన్నవారికి. సబ్-రిజిస్ట్రారు ఆఫీసుకూ, తహసీల్దారు ఆఫీసుకూ, బ్యాంకుకూ పదిసార్లు తిరగగల ఓపిక ఉన్నవాళ్లే ఆ పనికి తగినవారు. అయితే, "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అన్న వాక్యం రెండోదాంట్లో యథాతథంగా పడితే మొదటిది ఎగిరిపోతుంది. ఏ దేశపు ఆస్తికి ఏ వీలునామానో రెండింటిలోనూ స్పష్టంగా రాయించండి.

ఇండియా వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. తగాదా వస్తే వారిలో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పాల్సి ఉంటుంది. కాబట్టి మీకన్నా చిన్నవారిని, రేపు ఆచూకీ దొరికేవారిని పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. వీలునామా ఎందుకు, నామినీ ఉన్నాడుగా అని ధీమాగా ఉండకండి. షేర్ల విషయంలో నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023లో తేల్చి చెప్పింది.

పెద్దన్నయ్యను కాదని చిన్న చెల్లెలి పేరు రాస్తే ఆయన నొచ్చుకుంటారేమోనని చాలామంది వెనకాడతారు. ఆయనకు డెబ్బై ఐదేళ్లు, మోకాళ్ల నొప్పులు. లెక్కాపత్రం చూడటంలో చెల్లెలిది గట్టి చేయి. ఆమె పేరే రాయండి. అన్నయ్యకు ఎదురుగా కూర్చుని కారణం చెప్పండి. మీరు పోయాక తెలియడం కన్నా ఇప్పుడే మీ నోట వినడం ఆయనకు గౌరవం. ఆ చెల్లెలు కూడా చేయలేకపోతే ఎవరన్నది రెండో పేరుగా రాయండి. ఖర్చులకు, శ్రమకు ఎంత తీసుకోవచ్చో వీలునామాలోనే పెట్టండి.

సోదర సోదరీమణులారా, సదస్సు ముగిసి ఇళ్లకు చేరిన వారంలోనే మీ వీలునామా బయటకు తీయండి. అందులో పేరున్న మనిషికి ఫోను చేసి, "ఈ బాధ్యత తీసుకుంటావా?" అని అడగండి. తీసుకుంటానంటే కాగితాలెక్కడున్నాయో చెప్పండి. తటపటాయిస్తే, ఆ పేరు మార్చండి.